మూడో వన్స్ మోర్

అంబులెన్స్ ట్రైనింగ్‌కి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ వెనక బెంచీల నుంచి ఒకటే ఫిర్యాదు వస్తుంది, మేడమ్ మాట వినపడట్లేదని. నిజమే. నా గొంతు ముందు రెండు బెంచీలు దాటి వెళ్ళదు. క్లాసులు చెప్పడానికి రాకముందు అంబులెన్స్‌లో టెక్నీషియన్‌గా తిరిగిన రోజుల్లోనూ అంతే. పేషెంటు చెవి దగ్గర ధైర్యం చెప్పడానికి ఆ గొంతు సరిపోయేది. పేషెంటు చుట్టూ మూగిన ఊరిని పక్కకి జరపడానికి మాత్రం సరిపోయేది కాదు. ఇలాంటి మనిషి ఇన్నేళ్ళు ఈ ఉద్యోగంలో ఎలా నెట్టుకొచ్చిందా అని మీలో కొందరు అనుకుంటూనే ఉంటారు. పైకి అడగరు కానీ మీ మొహాల్లో నాకు కనపడుతుంది. సిగ్గరి మనుషులకి ఎదుటివాళ్ళ మొహాలు చదవడం బాగా వచ్చు.

నెట్టుకొచ్చింది నేను కాదు, మా పైలట్. అంబులెన్స్ నడిపే మనిషిని మన దగ్గర పైలట్ అంటారని మీకు తెలుసు కదా. ఆయనది చీరాల పక్క ఊరు. మగ్గాల ఇంట్లో పుట్టాడు. మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడుకి మించి అరిస్తే తప్ప ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళు కాదట, అందుకే తన గొంతు అలా తయారైందని చెప్పేవాడు. రంజాన్ నెలలో పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి సాయంత్రానికి సైరన్‌తో పోటీపడేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన నలుగురిలో నన్ను మేడమ్ అనేవాడు, బండెక్కాక అమ్మాయ్ అనేవాడు.

అంబులెన్స్ వచ్చేలోపు ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో జనానికి నేర్పమని పైవాళ్ళు మమ్మల్ని ఊళ్ళకి పంపడం మొదలుపెట్టారు. పాఠం నేను చెప్పాలి, బండి ఆయన నడపాలి. మొదటి ఊళ్ళో నేను నోరు తెరిచి కాసేపు మాట్లాడాక ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ పక్కావిడని అడిగింది, ఈ పిల్ల ఇంకా దేవుణ్ణి తలుచుకుంటోందా, మొదలుపెట్టిందా అని. అది విని బాబాయ్ బండి దిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు. అప్పటి నుంచి మా పద్ధతి ఒకటే. నేను ఒక మాట చెబుతాను, ఆయన దాన్ని పెద్దది చేసి, ఉప్పూకారం కలిపి వదులుతాడు.

"స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదండీ," అనేదాన్ని నేను.

"విన్నారుగా? తెలివి లేకుండా పడున్నోడి నోట్లో నీళ్ళు పోస్తే దాహం తీరదు, ప్రాణం తీరుద్ది. మజ్జిగ వద్దు, సోడా వద్దు, మీ అత్తగారు కాచిన కషాయం అసలే వద్దు," అనేవాడు ఆయన.

ఆ రోజుల్లో నా డైరీ నిండా ఒకటే వాక్యం కనపడుతుంది. ఇవాళ పాఠం నేను చెప్పాను, బాబాయ్ వినిపించాడు.

జనం నవ్వేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు, మేము వెళ్ళగానే మర్చిపోయేవాళ్ళు. మాటలతో లాభం లేదని మాక్ డ్రిల్ మొదలుపెట్టాం. ఊరి మనిషే ఒకరు గుండెపోటు వచ్చినట్టు పడిపోవాలి, మిగతావాళ్ళు ఏం చెయ్యాలో చేసి చూపించాలి. ఎక్కువగా కుర్రాళ్ళు ముందుకొచ్చేవాళ్ళు. చెయ్యి వేయగానే చక్కిలిగింతలని లేచి కూర్చునేవాళ్ళు.

పొదిలి వైపు ఒక పెద్ద ఊళ్ళో మాత్రం పేషెంటు వేషానికి కుర్రాళ్ళని పక్కకి నెట్టి ఒక పెద్దాయన లేచాడు. రెండెకరాల మిరప రైతు. కానీ వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల్లో రాజు వేషాలు వేసి వేసి, ఊళ్ళో ఆయన పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. అందరూ మహారాజు అనే పిలుస్తారు. పింఛను తీసుకోవడానికి వెళ్ళినా మహారాజు వచ్చాడు అనే అంటారట.

మీలో పద్యనాటకం చూడనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. ఈ ప్రాంతంలో నటుడు పద్యం బాగా పాడితే జనం వన్స్ మోర్ అని కేకలు పెడతారు. పాడినతను మళ్ళీ మొదటి నుంచి పాడాలి. పాడి చచ్చిపోయే వేషమైనా సరే, శవం లేచి, పంచె సర్దుకుని, హార్మోనియం వైపు ఒక చూపు చూసి, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవాలి. దాన్ని ఎవరూ వింతగా అనుకోరు. ఎన్నిసార్లు లేస్తే అంత గొప్ప.

మహారాజుకి నేను చెప్పింది చాలా చిన్న పని. ఛాతీ పట్టుకోవాలి, నొప్పి అనాలి, పడిపోవాలి. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఉత్త మాటతో నొప్పి అంటే ఎవరికి తెలుస్తుందమ్మా?"

వారం తిరక్కుండా గుండెపోటు మీద ఒక సీసపద్యం రాసుకొచ్చాడు. నాలుగు పాదాల్లో వరసగా ఛాతీ బిగుతు, ఎడమ చేతి లాగుడు, చెమట, ఆయాసం. కింద తేటగీతిలో భార్య ఫోన్ చెయ్యడం, అంబులెన్సు రావడం, దానికి కృతజ్ఞత. మన పుస్తకంలో పేజీన్నర ఉన్న లక్షణాలు ఆయన పద్యంలో ఒక్కటి తప్పకుండా ఉన్నాయి. ఒకచోట గణం తప్పింది. ఊరుకోలేక ఒక మాట మార్చి చూపించాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు.

"నువ్వు పద్యాలు చదువుతావా?"

"అప్పుడప్పుడూ అండీ."

"ఎవరికీ చెప్పకు. పెళ్ళిచూపుల్లో పాడమంటారు."

నాకు పద్యాలంటే ఇష్టమని అప్పటికి మా ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. ఇంటికెళ్ళేసరికి ఆ సీసం నాకు నోటికి వచ్చేసింది.

ఇంకొక వేషగాడు కూడా కావాల్సి వచ్చాడు. పేషెంటు నోట్లో సోడా పోయబోయే తెలియని బంధువు. నేను మూడుసార్లు వద్దండీ అని బతిమాలాలి, అతను రెండుసార్లు నాతో వాదించి మూడోసారి ఆగాలి, అదీ పాఠం. ఆ వేషం ఊరి మాజీ ప్రెసిడెంటుకి ఇచ్చాం. పదవి పోయి చాన్నాళ్ళయినా ఊళ్ళో ఆయన ఇప్పటికీ ప్రెసిడెంటు గారే. సొంత బామ్మర్ది కూడా గారు లేకుండా పిలవడు. మహారాజూ ఆయనా చిన్నప్పుడు ఒకే ట్రూపులో తిరిగారట. ఒకరు రాజైతే ఒకరు భటుడు. భటుడికి ఎప్పుడూ డైలాగులు ఉండేవి కావని ప్రెసిడెంటు గారు కాస్త కష్టంగానే చెప్పుకున్నారు. ఈసారి తన డైలాగులు ఎన్ని అని రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు.

మిరపకాయలు కళ్ళాల మీదకి వచ్చిన రోజులవి. పని వదిలి బడి దాకా ఎవరూ రామన్నారు కాబట్టి డ్రిల్‌ని కళ్ళంలోనే పెట్టాం. కంటికి ఆనినంత మేరా ఎర్రగా ఆరబోసిన కాయలు, మధ్యలో ఒక పట్టా పరిచి దాని మీద దుప్పటి. అదే మా రంగస్థలం. కోతకి వచ్చిన ఆడవాళ్ళు కాయలు నింపిన బస్తాలు, అదే టిక్కీల మీద ఎక్కి కూర్చున్నారు. ఘాటుకి ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. వద్దని నేను చెప్పినా హార్మోనియం వచ్చింది. మొహానికి పౌడరు వద్దని చెప్పినా మహారాజు దట్టంగా పూసుకునే వచ్చాడు. ప్రెసిడెంటు గారు గోళీసోడా పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో తన వంతు కోసం ఎదురు చూస్తున్నారు.

బాబాయ్ నా పక్కన లేడు. ఆయన ఊరి చివర కోల్డ్ స్టోరేజీ దగ్గర బండితో ఆగి ఉండాలి, నేను ఫోన్ చేస్తే రావాలి. మొదటి ఫోన్‌కి వచ్చేస్తే ఎదురుచూడటం ఎలా ఉంటుందో జనానికి తెలియదని, రెండో ఫోన్‌కి బయల్దేరమని నేనే చెప్పాను. ఆయన ఆ పనిని పట్టుదలగా తీసుకున్నాడు. నువ్వెంత ఏడ్చినా నమ్మను, చూసుకో అని హెచ్చరించి మరీ వెళ్ళాడు.

మహారాజు లేచి గొంతు సవరించుకోగానే దగ్గులు కూడా ఆగాయి. ఆ వయసులో ఆ రాగం ఎక్కడి నుంచి వచ్చిందో. ఛాతీ బిగుతు దగ్గరే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తేటగీతి ముగించి, దుప్పటి అంచు ఎక్కడుందో ఓరకంట చూసుకుని, దాని మీదే నిదానంగా ఒరిగాడు. ప్రెసిడెంటు గారు సోడాతో లేచారు. రెండడుగులు వేయకముందే వన్స్ మోర్ అని కళ్ళం దద్దరిల్లింది. మహారాజు లేచి పంచె సర్దుకున్నాడు. ప్రెసిడెంటు గారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

రెండోసారీ అంతే. ప్రెసిడెంటు గారు లేవడం, వన్స్ మోర్, ఆయన కూర్చోవడం. ఈసారి కూర్చునేటప్పుడు ఏదో గొణుక్కున్నారు. భటుడి బతుకు ఇంతేనని కాబోలు.

మూడోసారి మహారాజు మొదలుపెట్టగానే నేను అలవాటుగా లోపల్లోపల ఆయనతో పాటు చదువుకుంటున్నాను. రెండో పాదం అయ్యాక చెమట రావాలి. చెమట రాలేదు, కృతజ్ఞత వచ్చింది. నొప్పి సగంలో ఉండగానే అంబులెన్సుకి దణ్ణాలు చెప్పేశాడు. మళ్ళీ ఎడమ చేతికి వెళ్ళాడు. జనానికి తేడా తెలియలేదు, రాగం బాగుంది కదా. నాకు తెలిసింది. ఆయన చూపు కూడా ఎటో ఉంది. నేను అడుగు ముందుకు వేసేలోపే పడిపోయాడు. దుప్పటి మీద కాదు, పక్కన మిరపకాయల్లో, బోర్లా.

నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. కాయలు కదిలి ఘాటు లేచింది. నాకు దగ్గు, తుమ్ములు, కళ్ళ నీళ్ళు. మొహం అందులోనే పెట్టి పడుకున్న మనిషి మాత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎంత గొప్ప నటుడైనా అది నటించలేడు. తల ఇవతలికి తిప్పి భుజం తట్టి పిలిచాను. పలకలేదు. ఊపిరి ఆడుతోంది, నాడి పరుగెడుతోంది. ఒళ్ళు చల్లగా ఉంది. చెమటకి పౌడరు చారలు చారలుగా కారుతోంది. చుట్టూ కళ్ళమంతా ఒకటే కేక, వన్స్ మోర్.

ఫోన్ తీసి బాబాయ్‌కి చేశాను.

"నమస్కారమండీ. పేషెంటుది ఏ ఊరండీ? ఇంటి దగ్గర ఏదైనా గుర్తు చెప్పండి," అన్నాడు ఆయన తీరిగ్గా.

"బాబాయ్, ఈయన నిజంగానే పడిపోయాడు."

"చాలా బాగా చెప్పారు మేడమ్. గొంతులో వణుకు కూడా బాగుంది. ఉండండి, రాసుకుంటున్నా."

ఈలోపు ప్రెసిడెంటు గారు వచ్చేశారు. మూడుసార్లు కుర్చీలోంచి లేచిన మనిషి, ఈసారి ఎవరు ఆపినా ఆగేలా లేరు. వచ్చి మహారాజు తల పక్కన కూర్చుని గోళీ నొక్కారు. సోడా బుస్సుమంది.

"వద్దండీ. ఇది నాటకం కాదండీ. నిజంగానే స్పృహ తప్పింది," అన్నాను, నాకున్న గొంతంతా పెట్టి.

టిక్కీల మీద నుంచి చప్పట్లు వినపడ్డాయి. ఈ పిల్లకి ఇప్పటికి కాస్త నటన వచ్చిందని ఎవరో మెచ్చుకున్నారు. ప్రెసిడెంటు గారు నా వైపు వంగి, జనానికి వినపడకుండా, పాపం నాకు సాయం చేస్తున్నట్టు చెప్పారు.

"నీ డైలాగు అది కాదుగా అమ్మా. వద్దండీ, దయచేసి పోయకండి, అని కదా."

అని మహారాజు గడ్డం పట్టుకుని, సీసా మూతి పెదాల దగ్గర పెట్టారు. ఆ సోడా గొంతులోకి కాక ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. బాబాయ్ పక్కన ఉంటే ఒక్క కేక వేసేవాడు. ఆయన ఫోన్‌లో కలం వెతుక్కుంటున్నాడు.

"ఒరేయ్. సోడా కింద పెట్టరా."

అది నా గొంతే. కానీ మగ్గాలు ఆడుతుంటే వాటికి మించి అరిచినంత గట్టిగా వచ్చింది. హార్మోనియం ఆగిపోయింది. వన్స్ మోర్ ఆగిపోయింది. దగ్గులు కూడా ఆగాయని అంటే మీరు నమ్మరు. ఆ ఊళ్ళో ప్రెసిడెంటు గారిని ఒరేయ్ అనే వేషం ఎవరూ రాయరు, రాసినా ఎవరూ వెయ్యరు. అందుకని ఇది నాటకం కాదని అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఆయన సోడాని కింద పెట్టేశారు. సీసాలో గోళీ కదిలిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. దాని వెనకే ఫోన్‌లోంచి, ఒక్క ప్రశ్న కూడా లేకుండా, బండి స్టార్టయిన చప్పుడు.

తర్వాత పనంతా మీకు వచ్చిన పనే. మనిషిని పక్కకి ఒత్తిగిలించాను. ప్రెసిడెంటు గారే తల పట్టుకున్నారు. మహారాజు భార్య టిక్కీల మీద నుంచి దిగి పరుగెత్తుకొచ్చింది. అప్పటి దాకా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ కూర్చున్న మనిషి ఆమె.

"పెద్దమ్మా, పొద్దున ఏం తిన్నారాయన?"

"ఏం తినలేదమ్మా. నాటకం ఉన్న రోజు ముద్ద ముట్టడు. కడుపు నిండితే రాగం పైకెక్కదంటాడు."

"షుగరు ఉందా?"

"ఉంది. బిళ్ళ మాత్రం నేనే దగ్గరుండి వేశాను," అంది, ఆ ఒక్క పనైనా సరిగ్గా చేశానన్నట్టు. అంటూనే ఆమెకి అర్థమైంది. నా భుజం పట్టుకుని, ఖాళీ కడుపున వేశానమ్మా, అంది.

నా సంచిలో షుగరు చూసే మిషను ఉంది. వేలు మీద చుక్క తీసి పెడితే అంకె కూడా రాలేదు, తక్కువ అని మాత్రం చూపించింది. గుండెపోటు వేషం వేసిన మనిషికి షుగరు పడిపోయింది. గ్లూకోజు ఇంజెక్షన్లు బండిలో ఉన్నాయి. బండి కళ్ళంలోకి వచ్చింది. ఎవరి మిరపకాయల మీద నుంచి వచ్చిందో ఆ రోజు ఎవరూ అడగలేదు. ఫోన్‌లో డాక్టరు గారికి సంగతి చెప్పి, ఆయన ఇవ్వమన్నాక నరంలోకి మెల్లగా ఎక్కించాను. ఆ కాసేపు ఊరు ఊరంతా మహారాజు మొహమే చూస్తూ నిలబడింది. రాజు వేషంలో కూడా ఆయనకి అంత నిశ్శబ్దం ఎప్పుడూ దొరికి ఉండదు.

ముందు వేళ్ళు కదిలాయి. తర్వాత దగ్గు వచ్చింది. మిరపకాయల మధ్య ఒక మనిషి దగ్గడం అంత బాగుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్న మొహాలన్నీ చూసి, మహారాజు బాగా నొచ్చుకున్నాడు.

"ఏం, ఎవరూ వన్స్ మోర్ అనరేం?"

భార్య నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, రెండూ కలిసి వచ్చాయి. ప్రెసిడెంటు గారు మాత్రం లేచి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు.

ఆ బిళ్ళల ప్రభావం చాలాసేపు ఉంటుంది, లేచి కూర్చున్నాడని వదిలెయ్యకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్తామంటే మహారాజు ఒక్క షరతు పెట్టాడు, సైరన్ వెయ్యాలని. తెల్లారేదాకా ఆసుపత్రిలో ఉంచారు. ఉన్నంతసేపూ నర్సులకి పద్యం వినిపించాడట.

ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం తిరిగొచ్చే దారిలోనే నేను మొదటిసారి విన్నాను.

"నిజంగానే అన్నావు, నమ్మలేదు. వణికావు, నమ్మలేదు. నువ్వు ఒరేయ్ అన్నాక అనుకున్నాను అమ్మాయ్, అక్కడ ఎవరో పోతున్నారని," అన్నాడు బాబాయ్.

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది. ఇవాళ ఒరేయ్ అన్నాను.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఊరి పెద్దమనిషిని నలుగురిలో రా అన్నానని ఎవరో చేరవేశారు. క్షమాపణ చెప్పి రమ్మన్నారు. బాబాయ్ తోడొచ్చాడు, దారి పొడుగునా నాకు క్షమాపణ రిహార్సల్ చేయించాడు. ప్రెసిడెంటు గారు వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు. నేను గేటు తీసిన చప్పుడుకి తలెత్తి చూశారు. చూడటమే ఆలస్యం, ఆయన చెయ్యి దానంతట అదే వంగి టీ గ్లాసుని నేల మీద పెట్టేసింది. పెట్టాక ఆయనా దాన్ని చూసుకున్నారు, మేమూ చూశాం. బాబాయ్ అటు తిరిగి ఆకాశంలో ఏదో వెతికాడు.

నేను నేర్చుకొచ్చిన మాటలు సగం చెప్పేలోపు ఆయన చెయ్యెత్తి ఆపారు.

"వాడూ నేనూ ఒకే పలకతో బడికెళ్ళామమ్మా. నేను పోసేసేవాణ్ణి. డైలాగు మార్చేటప్పుడు ఎవరికైనా ముందే చెప్పుకోవాలి కదా."

ఆ మాట నేను మర్చిపోలేదు. అందుకే మన దగ్గర ఏ డ్రిల్ అయినా, అది నిజమైపోయిందని చెప్పే గుర్తుమాట ఏమిటో మొదలుపెట్టకముందే అందరం అనుకుంటాం. ఊరూరికీ అది వేరు, మీ ఇష్టం. ఇంకోటి, పేషెంటు వేషం వేసేవాళ్ళు అన్నం తినకుండా రంగంలోకి దిగరు.

మరుసటి సంవత్సరం మిరప కోతలకి మళ్ళీ అదే ఊరు వెళ్ళాం. పేషెంటు మహారాజే, వేరే ఎవరినీ రానివ్వలేదు. ఊరంతా చూస్తుండగా భార్య ఆయన చేత ఇడ్లీలు తినిపించింది. రాగం పైకెక్కకపోతే నీదే పాపం అని ఆయన ఆమెని బెదిరిస్తూనే తిన్నాడు. ఎక్కింది, ఎక్కకేం. మొదటి వన్స్ మోర్ అయింది, రెండోది అయింది. మూడోది వినపడగానే నాకు తెలియకుండానే నా చూపు ముందు వరస ప్లాస్టిక్ కుర్చీ వైపు వెళ్ళింది.

ప్రెసిడెంటు గారు అప్పటికే నన్ను చూస్తున్నారు. రెండు చేతులూ పైకెత్తి, ఖాళీగా ఉన్నాయని తిప్పి చూపించారు.